హంగర్ గేమ్స్ చలనచిత్రాలపై స్పందనలు

హంగర్ గేమ్స్ అమెరికన్ రచయిత్రి సుజాన్ కాలిన్స్ వ్రాసిన ఆంగ్ల నవలల ఆధారంగా నిర్మించబడిన చలనచిత్ర పరంపర. 2012 నుండి 2015 వరకు నాలుగు చిత్రాలు, 2023లో పూర్వకథతో మరొక చిత్రం విడుదలైనవి. పిల్లలు ఒకరినొకరు చంపుకొనే పోటీని ప్రభుత్వమే ఏర్పాటు చేసి, దానిని వినోదంగా దేశమంతటా ప్రసారం చేసే ఒక భావికాలపు రాజ్యం ఇందులోని కథాస్థలం. సమాజం చెడిపోయి, ప్రజలు భయంతో బ్రతికే భవిష్యత్తును ఊహించి వ్రాసే ఇటువంటి రచనలను డిస్టోపియన్ సాహిత్యం అంటారు. జార్జ్ ఆర్వెల్ వ్రాసిన "1984" నవల ఈ కోవలో ప్రసిద్ధమైనది. అయితే కాలిన్స్ నవలలు ముఖ్యంగా పన్నెండు, పదమూడేళ్ళు దాటిన కిశోర పాఠకుల కొరకు వ్రాయబడినవి.

ఈ చిత్రాలకు ధనం, కీర్తి పుష్కలంగా లభించినవి. వాటితోపాటు హింస, వర్ణవివక్ష, వ్యాపార ధోరణి వంటి విషయాలపై పెద్ద చర్చ కూడా జరిగినది. పిల్లల మరణాన్ని వేడుకగా చూసే ప్రేక్షకులను నవల నిందిస్తుంది. అదే కథను తెరపై చూపినప్పుడు టికెట్టు కొన్న ప్రేక్షకుడు ఎవరి స్థానంలో కూర్చున్నట్లు? విమర్శకులలో చాలామంది ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్ననే అడిగినారు.

కథ, నేపథ్యం

మొదటి నవల 2008 సెప్టెంబరులోను, తరువాతి రెండు నవలలు "క్యాచింగ్ ఫైర్", "మాకింగ్‌జే" వరుసగా 2009, 2010 సంవత్సరాలలోను వెలువడినవి. ఉత్తర అమెరికా శిథిలాలపై ఏర్పడిన "పానెమ్" అనే రాజ్యంలో కాపిటోల్ అనే సంపన్న రాజధాని, దాని క్రింద పన్నెండు జిల్లాలు ఉంటాయి. పూర్వం జరిగిన తిరుగుబాటుకు శిక్షగా ప్రతి జిల్లా ఏటా 12 నుండి 18 ఏండ్లలోపు ఒక బాలుడిని, ఒక బాలికను పంపవలెను. ఈ 24 మందిలో ఒక్కరు మిగిలే వరకు పోటీ సాగుతుంది. బొగ్గు గనులున్న పన్నెండవ జిల్లాలో చీటీ తన చెల్లెలి పేరున రాగా, ఆమెకు బదులు తానే వెళ్ళిన కాట్నిస్ ఎవర్డీన్ అనే పదహారేళ్ళ బాలిక ఈ కథానాయిక.

ఒక రాత్రి టెలివిజన్‌లో చానళ్ళు మారుస్తుండగా ఒకచోట పోటీ కార్యక్రమం, మరొకచోట ఇరాక్ యుద్ధ దృశ్యాలు కనబడి, ఆ రెండూ మనసులో కలిసిపోవడంతో ఈ కథ పుట్టినదని రచయిత్రి చెప్పినారు. మినోటార్ అనే రాక్షసునికి ఆహారంగా ఏథెన్సు నగరం ఏడుగురు బాలురను, ఏడుగురు బాలికలను పంపే గ్రీకు పురాణగాథ మరొక ప్రేరణ. మహాభారతంలో ఏకచక్రపురవాసులు బకాసురునికి బండెడు అన్నంతోపాటు ఇంటికొక మనిషిని వంతులవారీగా పంపిన కథ తెలిసినవారికి ఈ ఇతివృత్తం కొత్తగా తోచదు. బకాసురుడు ఆకలికి తినేవాడు. కాపిటోల్ వాసులకు ఆకలి లేదు, కేవలం వినోదం కొరకు చూస్తారు. కథలోని తీవ్రత ఈ భేదంలోనే ఉన్నది.

మొదటి చిత్రానికి ఆదరణ

గ్యారీ రాస్ దర్శకత్వంలో లయన్స్‌గేట్ సంస్థ నిర్మించిన మొదటి చిత్రం 2012 మార్చి 23న అమెరికాలో విడుదలైనది. కాట్నిస్‌గా జెన్నిఫర్ లారెన్స్ నటించినది. స్క్రీన్‌ప్లే రచనలో కాలిన్స్ స్వయంగా పాల్గొన్నారు. సుమారు 8 కోట్ల డాలర్ల వ్యయంతో తీసిన ఈ చిత్రం ఉత్తర అమెరికాలో మొదటి మూడు రోజులలోనే 15 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసినది. అప్పటికి ఇది మూడవ అతిపెద్ద ప్రారంభ వసూలు. అంతకు ముందు ఏ కథకూ కొనసాగింపు కాని చిత్రాలలో ఇదే మొదటిది. ప్రపంచవ్యాప్తంగా మొత్తం వసూలు 69 కోట్ల డాలర్లు దాటినది.

లారెన్స్ నటనను దాదాపు అందరూ మెచ్చుకొన్నారు. చేతితో పట్టుకొని తీసిన కెమెరా కుదుపులు కొందరికి తలనొప్పి కలిగించినవి. హత్యలను స్పష్టంగా చూపకుండా తప్పించుకొనుటకు ఆ కుదుపులు ఉపయోగపడినవని కూడా విమర్శ వచ్చినది.

నవల చదివినవారి ఫిర్యాదులు వేరు. నవల అంతా కాట్నిస్ నోట ఉత్తమ పురుషలో సాగుతుంది. ఆమె చూడనిది పాఠకుడికీ తెలియదు. చిత్రంలో పోటీని నడిపే అధికారుల గది, రాజ్యాధ్యక్షుడు స్నో ఉద్యానవనంలో జరిపే సంభాషణలు క్రొత్తగా చేర్చబడినవి. ఇవి ప్రభుత్వ యంత్రాంగాన్ని చక్కగా చూపుతాయి. కానీ కాట్నిస్ మనసులోని అనుమానం, లెక్క, కోపం చాలావరకు తెరపైకి రాలేదు. కెమెరాల ముందు ఆమె పీటా పట్ల చూపే ప్రేమలో ఎంత నటన, ఎంత నిజం అన్నది నవలకు ప్రాణం. చిత్రం చూసినవారు దానిని సాధారణ ప్రేమకథగా భావించే అవకాశం ఉన్నది.

అంతకంటే ముఖ్యమైన లోపం ఆకలికి సంబంధించినది. నవలలో పేద పిల్లలు అదనపు ధాన్యం కొరకు తమ పేరును చీటీలలో ఎక్కువసార్లు వేయించుకొంటారు. తిండికి ప్రాణాన్ని తాకట్టు పెట్టే ఈ ఏర్పాటును నవల వివరంగా చెబుతుంది. చిత్రంలో అది ఒకటి రెండు మాటలలో ముగిసిపోయినది. పేరులోనే ఆకలి ఉన్న కథలో ఆకలి కనబడలేదన్న విమర్శ న్యాయమైనదే. అయితే ఈ విమర్శను కొందరు సమీక్షకులు లారెన్స్ శరీరాకృతిపై వ్యాఖ్యలుగా మార్చినారు. పక్కన ఉన్న పురుష నటుల దేహదారుఢ్యం వారికి అంతగా అభ్యంతరకరంగా తోచకపోవడం గమనించదగినది.

హింస, ధ్రువపత్రాలు

నవలపై అభ్యంతరాలు చిత్రానికి ముందే ఉన్నవి. పాఠశాలలు, గ్రంథాలయాల నుండి తొలగించమని ఎక్కువ ఫిర్యాదులు వచ్చిన పుస్తకాల జాబితాలో అమెరికన్ గ్రంథాలయ సంఘం 2010, 2011 సంవత్సరాలలో దీనిని చేర్చినది.

చిత్రానికి అమెరికాలో పీజీ-13 ధ్రువపత్రం లభించినది. బ్రిటన్‌లో 12ఎ ధ్రువపత్రం కొరకు ఏడు సెకన్ల దృశ్యాలు తగ్గించవలసి వచ్చినది. ఇందులో కొంత భాగం రక్తపు చుక్కలను కంప్యూటరు సహాయంతో చెరిపివేయడమే. వియత్నాంలో హింస కారణంగా చిత్రాన్ని 2012లో నిషేధించినారు.

ఇక్కడ రెండు పరస్పర విరుద్ధమైన వాదనలున్నవి. పిల్లలు పిల్లలను చంపడం చూపరాదని తల్లిదండ్రులలో కొందరు అన్నారు. రక్తం, బాధ కనబడకుండా చంపడాన్ని చూపితే హింస తేలికైన విషయంగా కనిపిస్తుందని విమర్శకులలో కొందరు అన్నారు. రెండవ వాదనలో బలమున్నది. కాలిన్స్ నవల పిల్లలకు యుద్ధపు ఖరీదు చెప్పుటకు వ్రాయబడినది. ఉదాహరణకు, నవలలో పీటా పోటీలో ఒక కాలు కోల్పోతాడు. చిత్రంలో అతడు రెండు కాళ్ళతోనే ఇంటికి తిరిగి వస్తాడు.

రూ పాత్రపై వివాదం

పదకొండవ జిల్లా నుండి వచ్చిన రూ అనే పన్నెండేళ్ళ బాలిక ఈ కథలో అందరి కంట తడిపెట్టించే పాత్ర. ఆమె చర్మం ముదురు గోధుమ రంగని నవలలో స్పష్టంగా ఉన్నది. ఆ పాత్రను అమాండ్లా స్టెన్‌బర్గ్ ధరించగా, నల్లజాతి బాలిక కావడం వలన తమకు జాలి కలగలేదని కొందరు యువ ప్రేక్షకులు ట్విట్టరులో బహిరంగంగా వ్రాసినారు. ఇది 2012లో పత్రికలలో పెద్ద చర్చకు దారితీసినది. నవల చదివి, ఇష్టపడి, అందులోని వర్ణనను గమనించకుండా పాత్రను తెల్లగా ఊహించుకొన్న పాఠకులు అంతమంది ఉండడం ఉపాధ్యాయులను, సాహిత్య విమర్శకులను ఆలోచింపజేసినది.

దీనికి ముందే, 2011లో, మరొక వివాదం జరిగినది. నవలలో కాట్నిస్‌ది చామన ఛాయకు దగ్గరైన రంగు, నల్లని జుట్టు. కానీ నటి ఎంపిక ప్రకటనలో శ్వేతజాతి యువతులనే కోరినట్లు వెల్లడైనది. ఈ ఎంపికను దర్శకుడు, రచయిత్రి సమర్థించినారు. రెండు సంఘటనలను కలిపి చూస్తే, రూ విషయంలో తప్పంతా ప్రేక్షకులదేనని అనుటకు వీలు లేదు.

బాటిల్ రాయల్‌తో పోలిక

జపాను రచయిత కౌషున్ తకామి 1999లో ప్రచురించిన "బాటిల్ రాయల్" నవలలో కూడా ప్రభుత్వమే విద్యార్థులను ఒక ద్వీపంలో వదిలి ఒకరినొకరు చంపుకొనేలా చేస్తుంది. కింజి ఫుకసాకు దీనిని 2000లో చిత్రంగా తీయగా, జపాను పార్లమెంటు వరకు చర్చ వెళ్ళినది. హంగర్ గేమ్స్ దీనికి అనుకరణ అని పలువురు ఆరోపించినారు. తన వ్రాతప్రతి అప్పగించే వరకు ఆ నవల పేరే వినలేదని కాలిన్స్ సమాధానమిచ్చినారు. పోలిక నిజమే. కానీ జపాను చిత్రంలో పెద్దలకు పిల్లలంటే ఉన్న భయం ప్రధానం. కాలిన్స్ కథకు టెలివిజన్, ప్రేక్షకులు కేంద్రం.

వ్యాపార ప్రకటనలు

2013లో "క్యాచింగ్ ఫైర్" విడుదల సమయంలో కవర్‌గర్ల్ అనే సౌందర్య సాధనాల సంస్థ "కాపిటోల్" పేరుతోనే అలంకరణ సామగ్రిని అమ్మినది. సబ్‌వే అనే ఆహార సంస్థ కూడా ప్రచారంలో పాల్గొన్నది. కథలో కాపిటోల్ వాసుల అతి అలంకరణ, అతి భోజనం జిల్లాల ఆకలికి ఎదురుగా నిలిపిన వ్యంగ్యం. ఆ వ్యంగ్యాన్నే అమ్మకపు సరుకుగా మార్చినందుకు విమర్శలు చెలరేగినవి. స్నో పాత్రధారి డొనాల్డ్ సదర్లాండ్ మాత్రం ఈ చిత్రాలు యువతను నిజమైన రాజకీయ చర్యకు పురికొల్పవలెనని అదే సంవత్సరం ఒక ముఖాముఖిలో ఆశించినారు. చిత్రం వలన అమెరికాలో విలువిద్య నేర్చుకొనే బాలికల సంఖ్య పెరిగినదని కూడా వార్తలు వచ్చినవి. లారెన్స్‌కు విలువిద్య నేర్పినది ఒలింపిక్ క్రీడాకారిణి ఖతునా లోరిగ్.

మూడు వేళ్ళ వందనం

ఎడమచేతి మధ్య మూడు వేళ్ళను పెదవులకు తాకించి, ఎదుటివారివైపు చాచడం పన్నెండవ జిల్లాలో పాత ఆచారం. కృతజ్ఞత, గౌరవం, ప్రియమైనవారికి వీడ్కోలు దీని అర్థాలు. అంత్యక్రియలలో దీనిని చూపుతారు. నవలలో రూ మరణించినప్పుడు కాట్నిస్ ఈ వందనం చేయగా, పదకొండవ జిల్లా ప్రజలు ఆమెకు ఒక రొట్టె పంపుతారు. చిత్రంలో ఆ రొట్టె లేదు. దానికి బదులు కాట్నిస్ కెమెరా వైపు చేయి ఎత్తుతుంది, తెరపై చూసిన పదకొండవ జిల్లాలో అల్లర్లు చెలరేగుతాయి. శోకసూచకమైన సంజ్ఞ తిరుగుబాటు గుర్తుగా మారుటకు చిత్రంలోని ఈ మార్పు చాలా దోహదపడినదని చెప్పవచ్చును.

2014 మే 22న థాయిలాండ్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకొన్నది. అయిదుగురు లేదా అంతకు మించి గుమికూడరాదని ఆంక్షలు విధించినది. నినాదాలు వ్రాసినా నేరమైన ఆ రోజులలో, జూన్ మొదటి నుండి నిరసనకారులు మాట లేకుండా మూడు వేళ్ళు ఎత్తసాగినారు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని కొందరు ఆ వేళ్ళకు అర్థం చెప్పినారు. గుంపుగా ఈ సంజ్ఞ చేసేవారిని అరెస్టు చేయగలమని సైనిక ప్రభుత్వం హెచ్చరించినది.

అదే సంవత్సరం నవంబరు 19న ప్రధాని ప్రయుత్ చాన్-ఓచా ఖోన్ కేన్ పట్టణంలో ప్రసంగిస్తుండగా అయిదుగురు విద్యార్థులు లేచి నిలబడి మూడు వేళ్ళు చూపినారు. వారిని అక్కడికక్కడే నిర్బంధించినారు. మరునాడు "మాకింగ్‌జే" మొదటి భాగం బ్యాంకాక్‌లో విడుదలైనది. ఒక విద్యార్థి బృందం టికెట్లు కొని ఉచితంగా పంచాలని తలపెట్టగా, ఆ సినిమా హాళ్ళ యాజమాన్యం ప్రదర్శనలనే రద్దు చేసినది. మరొక సినిమా హాలు బయట వేళ్ళు ఎత్తిన విద్యార్థిని పోలీసులు తీసుకుపోయినారు. కథలో తెరను చూసి తిరగబడిన ప్రజలను చూపిన చిత్రమే, ఇక్కడ తెర ఎక్కడానికి భయపడవలసి వచ్చినది. పిల్లలు ఈ సంజ్ఞ చేసి అరెస్టు కావడం తనకు ఆందోళన కలిగిస్తున్నదని దర్శకుడు ఫ్రాన్సిస్ లారెన్స్ అప్పట్లో అన్నారు.

2020 ఆగస్టులో ఈ వందనం థాయిలాండ్ పాఠశాలలకు చేరినది. ఉదయం జాతీయగీతం వేళ, ఏకరూప దుస్తులలో వరుసగా నిలబడిన విద్యార్థులు ఉపాధ్యాయుల ఎదుటనే మూడు వేళ్ళు ఎత్తినారు. ఆ వరుసలలో ఉన్నవారిలో చాలామంది మొదటి చిత్రం వచ్చేనాటికి చిన్నపిల్లలు.

2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైనిక తిరుగుబాటు జరిగిన కొద్ది రోజులలోనే ఆసుపత్రుల సిబ్బంది ఇదే గుర్తును స్వీకరించినారు. ఫిబ్రవరి 26న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో మయన్మార్ రాయబారి చో మో తున్ తన ప్రసంగంలో సైన్యాన్ని ఖండించి, చివర మూడు వేళ్ళు ఎత్తినారు. మరునాడే సైన్యం ఆయనను పదవి నుండి తొలగించినట్లు ప్రకటించినది. యువకుల కొరకు తీసిన ఒక వినోద చిత్రంలోని సంజ్ఞకు ఇంత గంభీరమైన వేదిక లభించడం అరుదు.

తరువాతి చిత్రాలు

ఫ్రాన్సిస్ లారెన్స్ దర్శకత్వం వహించిన "క్యాచింగ్ ఫైర్" (2013) విమర్శకుల ప్రశంసలోను, వసూళ్ళలోను మొదటి చిత్రాన్ని మించినది. ప్రపంచవ్యాప్తంగా 86 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించినది. మూడవ నవలను రెండు చిత్రాలుగా విడదీసి 2014, 2015లలో విడుదల చేయగా, ఇది కేవలం లాభం కొరకేనని ప్రేక్షకులు విసుగు చెందినారు. వసూళ్ళు వరుసగా 75, 65 కోట్ల డాలర్ల స్థాయికి తగ్గినవి. ఆ విభజనకు తాను చింతిస్తున్నానని దర్శకుడు 2023లో ఒప్పుకొన్నారు.

ఈ విజయం చూసి ఇతర సంస్థలు అదే కోవ నవలలకై పరుగులు తీసినవి. వెరోనికా రాత్ నవలల ఆధారంగా 2014లో మొదలైన "డైవర్జెంట్" వరుసలో కూడా చివరి నవలను రెండుగా విడదీసినారు. మూడవ చిత్రం "అల్లీజియంట్" 2016లో విఫలం కావడంతో నాలుగవది తీయనే లేదు. కథ ముగింపు తెరపై ఎన్నడూ రాలేదు. లోయిస్ లౌరీ 1993లో వ్రాసిన "ది గివర్" 2014లో చిత్రమైనప్పుడు పన్నెండేళ్ళ కథానాయకుడిని యువకునిగా మార్చి ప్రేమకథ జోడించినారు. నవలను పాఠశాలలో చదివిన తరం దీనిని అంగీకరించలేదు. జేమ్స్ డాష్నర్ "మేజ్ రన్నర్" వరుస మాత్రం 2018లో మూడవ చిత్రంతో సక్రమంగా పూర్తయినది.

కాలిన్స్ 2020లో వ్రాసిన పూర్వకథ "ది బల్లాడ్ ఆఫ్ సాంగ్‌బర్డ్స్ అండ్ స్నేక్స్" 2023 నవంబరులో చిత్రంగా వచ్చినది. నవల పెద్దదైనా ఈసారి దానిని ఒకే చిత్రంగా తీసినారు. స్నో యువకుడిగా ఉన్న కాలపు ఈ కథలో పోటీని జనం చూడడం మానివేస్తుండగా, వారిని మళ్ళీ తెర ముందుకు రప్పించే ఉపాయాలు వెదకే పని విద్యార్థులకు అప్పగించబడుతుంది.