రెండో గోల్‌కీపర్

అంతర్జాతీయ హాకీలో జట్టు జాబితాలు రెండు రకాలు. ప్రపంచ కప్పు, ఆసియా క్రీడలు, కామన్వెల్త్ క్రీడలకి 18 మంది వెళ్తారు. ఒలింపిక్స్‌కి మాత్రం 16 మందే. తగ్గిన ఆ రెండు పేర్లలో చాలాసార్లు ఒకటి రెండో గోల్‌కీపర్‌ది అయివుంటుంది. చూడటానికి ఇది ఒట్టి లెక్క. కానీ మా జిల్లా అమ్మాయి ఎతిమరపు రజని క్రీడాజీవితమంతా ఆ 16కీ ఈ 18కీ మధ్యనే నడిచింది.

రజని 1990లో పుట్టింది. ఊరు ఎర్రావారిపాళెం మండలం యనమలవారిపల్లె. తలకోన జలపాతం ఉన్న మండలమే అది. 2022లో జిల్లాలు విడిపోయేదాకా చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. సెలవు రోజుల్లో మా ఊరినించి తలకోనకి కార్లూ బస్సులూ బారులు కడతాయి. ఆ దారినే ఒక భారత జట్టు గోల్‌కీపర్ ఊరు కూడా ఉందని ఎందరికి తెలుసో నాకు అనుమానమే.

పత్రికలు ఆమె గురించి రాసినప్పుడల్లా ఒకే కథ రాశాయి: మారుమూల పల్లె, కష్టాలు, పట్టుదల, విదేశీ విమానం. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ కథ విమానం ఎక్కడంతో అయిపోతుంది. విమానం దిగాక ఆమె ఏం చేసింది? ఎన్ని మ్యాచ్‌లకి బరిలోకి దిగింది, ఎన్నిటికి బెంచీ మీద కూర్చుంది? అసలు చరిత్ర అక్కడ మొదలవుతుంది కదా!

భారత స్త్రీల హాకీకి ఒలింపిక్ చరిత్ర పెద్దగా లేదు. 1980 మాస్కోలో స్త్రీల హాకీని మొదటిసారి ఒలింపిక్స్‌లో చేర్చినప్పుడు మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. తర్వాత మళ్ళీ 36 ఏళ్ళకి, 2016లో, రియోకి వెళ్ళింది. ఆ 16 మందిలో ఉన్న ఏకైక గోల్‌కీపర్ హర్యానాకి చెందిన సవిత. రజని పేరు రిజర్వులో ఉంది. కరోనా వల్ల ఏడాది ఆలస్యంగా 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కీ అదే వరస. ఆగస్టు 2న క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాని 1-0తో ఓడించినప్పుడు దేశం మొత్తం సవితని గోడ అని పొగిడింది. ఆ పొగడ్తకి ఆమె పూర్తిగా అర్హురాలు. రజని అప్పుడు కూడా రిజర్వే.

ఇక 18 మంది జాబితాలు చూడండి. 2017 ఆసియా కప్పు, చైనా మీద షూటౌట్‌లో గెలిచి స్వర్ణం: సవిత, రజని. 2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడలు, లండన్ ప్రపంచ కప్పు, రజతం వచ్చిన జకార్తా ఆసియా క్రీడలు: సవిత, రజని. 2022 జులైలో ప్రపంచ కప్పుకి ఆ రెండో చోటు మణిపూర్ అమ్మాయి బిచ్చూదేవికి వెళ్ళింది. కొద్ది రోజులకే బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలకి మళ్ళీ రజనికి వచ్చింది. న్యూజీలాండ్ మీద షూటౌట్‌లో కాంస్యం గెలిచిన జట్టు అది. అక్కడా గోల్ ముందు నిలబడింది సవితే.

హాకీలో మిగతా ఆటగత్తెలు నిమిషనిమిషానికీ మారుతుంటారు, లోపలికీ బయటికీ తిరుగుతుంటారు. గోల్‌కీపర్‌ని అలా మార్చరు. గాయమో విశ్రాంతో ఉంటే తప్ప రెండో గోల్‌కీపర్‌కి పని పడదు. అలాగని ఆమెకి సాధన తగ్గదు. పెనాల్టీ కార్నర్ నిపుణులు రోజూ వందలసార్లు బంతి విసురుతారు. 160 గ్రాముల గట్టి బంతి గంటకి వంద కిలోమీటర్ల దరిదాపుల్లో వస్తుంది. అక్కడ ఒళ్ళు అడ్డం పెట్టేది గోల్‌కీపర్లే. కాళ్ళకి ప్యాడ్లు, పాదాలకి కిక్కర్లు, ఛాతీకి కవచం, తలకి హెల్మెట్ కట్టుకుని ఎండలో నిలబడి ఆపుతూనే ఉండాలి. మొదటి గోల్‌కీపర్ పదును, కార్నర్లు కొట్టేవాళ్ళ పదును, రెండిట్లోనూ ఆమె శ్రమ ఉంది. గణాంకాల పట్టికలో దానికి గడి లేదు.

నేను చదువుకున్నది సాహిత్యం, అదీ స్త్రీల జీవిత చరిత్రలు. 1901లో భండారు అచ్చమాంబ అచ్చు వేయించిన ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదలు, మనం ముందుగా రత్నాలనే ఏరుకున్నాం. అప్పటికి అది అవసరం కూడా, స్త్రీలకి చరిత్రే లేదన్న వాళ్ళ నోరు మూయించాలి కాబట్టి. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చాక మన చూపు మారింది. ఉత్తరాలు మోసిన వాళ్ళూ, డెన్లు కాచిన వాళ్ళూ, వండిపెట్టిన వాళ్ళూ తెలంగాణ పోరాటాన్ని తమ నోటితో చెప్పారు. అది సహాయం కాదు, పోరాటమే అని ఒప్పుకున్నాం. అదే చూపుని ఆటల చరిత్రకి ఎందుకు తీసుకెళ్ళలేదో నాకు అర్థం కాదు. అక్కడ ఇప్పటికీ రత్నమాల దగ్గరే ఆగిపోయాం.

ఇంకో వెలితి కూడా ఉంది. ‘నీలిమేఘాలు’ నాటినుంచీ శరీరం గురించి చాలా రాశాం. నొప్పిపడే శరీరం, చూపులకి గురయ్యే శరీరం, కనిపెంచే శరీరం. అన్నీ రాయాల్సినవే. ఎదురొచ్చే బంతిని కావాలని ఒంటి మీదికి తీసుకునే ఆడ శరీరం మాత్రం మన కవిత్వంలో నాకు దాదాపు కనపడలేదు. పైగా గోల్‌కీపర్ నిలువెల్లా కప్పుకుని ఉంటుంది. స్కర్టు పొడవు గురించి మాట్లాడేవాళ్ళకి ఆమె దగ్గర చూడ్డానికేమీ దొరకదు!

ఇక్కడ ఒక ఉచ్చు కూడా ఉంది. సవితని అడ్డుగోడగా, రజనిని బాధితురాలిగా చూపిస్తే కథ సులువుగా రక్తి కడుతుంది. ఇద్దరాడవాళ్ళని ఎదురెదురు నిలబెట్టడం మనవాళ్ళకి అలవాటే, అత్తాకోడళ్ళ కథల్నించీ. ఉన్నది ఒకే ఒక్క చోటు కావడం ఆ ఇద్దరి తప్పూ కాదు.

డబ్బు సంగతి చూద్దాం. అమెరికాలో స్త్రీల వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ 1997లోనే మొదలైంది. అక్కడి పెద్ద తారలు కూడా సంపాదన చాలక లీగ్ లేని నెలల్లో యూరప్ వెళ్ళి ఆడారు. 2022లో రష్యాలో అరెస్టయిన బ్రిట్నీ గ్రైనర్ అక్కడికి వెళ్ళింది అలాగే. మన దగ్గర పరిస్థితి వేరు. వృత్తి క్రీడాకారిణి అంటే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగి. జాతీయ పోటీల్లో రైల్వే జట్టు పదేపదే కనపడటానికి కారణం అదే. జీతం ఆటకి కాదు, ఉద్యోగానికి. మగవాళ్ళ హాకీ ఇండియా లీగ్ 2013లో వస్తే, స్త్రీల లీగ్ 2025 జనవరిలో, నాలుగు జట్లతో, రాంచీలో మొదలైంది. అప్పటికి రజనికి 34 ఏళ్ళు.

ఆట నుంచి వచ్చేదానికి మన ప్రభుత్వాలు వాడే పేరు ‘నజరానా’. 2022 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి రజనిని సన్మానించి 25 లక్షల నగదు, తిరుపతిలో 1,000 గజాల స్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం, నెలకి 40 వేల రూపాయలు ప్రకటించారు. అంతకుముందు ప్రకటించి ఇవ్వకుండా ఉన్న బకాయిలు కూడా విడుదల చెయ్యమన్నారు. సంతోషమే. కానీ నజరానాకి బకాయి ఏమిటి? బకాయి పడేది కూలి. ఒక స్త్రీ పదేళ్ళు దేశానికి చేసిన పనిని కూలిగా ఒప్పుకోకుండా దయగా ఇస్తే, అది ఎప్పుడు ఎంత వస్తుందో ఇచ్చేవాళ్ళ ఇష్టం. శాలువా కప్పినప్పటి ఫోటో మాత్రం వెంటనే వస్తుంది.

ఈమధ్య అయిదుగురితో ఆడే హాకీ వచ్చింది. చిన్న మైదానం, చుట్టూ చెక్కలు, పదేసి నిమిషాల రెండు సగాలు. మామూలు హాకీలో గోల్ లెక్కకి రావాలంటే వృత్తం లోపలినుంచే కొట్టాలి. ఇందులో ఎక్కడినుంచైనా కొట్టచ్చు, అందుకే గోల్‌కీపర్‌కి ఊపిరి సలపదు. 2022లో లొసాన్‌లో ఆడిన భారత స్త్రీల జట్టుకి కెప్టెన్‌గా రజనిని పెట్టారు. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన మొట్టమొదటి స్త్రీల ప్రపంచ కప్పుకీ ఆమే కెప్టెన్. జట్టు ఫైనల్ దాకా వెళ్ళింది. అక్కడ నెదర్లాండ్స్ చేతిలో 7-2తో ఓడి రజతం తెచ్చుకుంది. ఆ జాబితాలో ఇద్దరు గోల్‌కీపర్లు ఉన్నారు: రజని, బన్సారీ సోలంకి. ఈసారి మొదటి పేరు రజనిది.