హూఈజ్: నలభై మూడేళ్ళ చిరునామా పుస్తకం

1982 మార్చిలో, అమెరికా రక్షణశాఖ అధీనంలో ఉన్న ఆర్పానెట్ వాడుకరుల కోసం ఆర్.ఎఫ్.సి. 812 అన్న సంఖ్యతో ఒక చిన్న పత్రం వెలువడింది. రాసినవారు కెన్ హారెన్‌స్టీన్, విక్ వైట్. కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో, ఎస్.ఆర్.ఐ. సంస్థలో ఉన్న ఒక కంప్యూటరుకు 43వ పోర్టు ద్వారా ఒక పేరు పంపితే, ఆ పేరుగల వ్యక్తి వివరాలు తిరిగివస్తాయని ఆ పత్రం చెప్పింది. ఆ సేవ పేరు నిక్‌నేమ్ లేదా హూఈజ్. ‘ఇతడెవరు?’ అన్న ప్రశ్నకు జవాబిచ్చే ఏర్పాటు అది. ‘అడుగుతున్న నీవెవరు?’ అని మాత్రం అది ఎన్నడూ అడగలేదు. ఆ తరవాత నాలుగు దశాబ్దాలపాటు సాగిన వివాదమంతా ఈ అడగని ప్రశ్న చుట్టూ తిరిగినదే.

ఆనాటి దృష్టితో చూస్తే అందులో తప్పేమీ లేదు. ఎలిజబెత్ ఫైన్లర్ నాయకత్వంలో ఎస్.ఆర్.ఐ.లోని సమాచార కేంద్రం అంతకు కొన్నేళ్ళ ముందునుంచే ఆర్పానెట్ డైరెక్టరీని టెలిఫోన్ పుస్తకంలా అచ్చువేసి పంచుతూ ఉండేది. హూఈజ్ ఆ పుస్తకానికి యంత్రరూపం. 1985 అక్టోబరులో వచ్చిన సవరణ, ఆర్.ఎఫ్.సి. 954, ఎవరెవరు నమోదు కావాలో స్పష్టం చేసింది: నెట్‌వర్కు మీద సందేశాలు పంపగల ప్రతివ్యక్తీ తన పూర్తి పేరు, తపాలా చిరునామా, టెలిఫోను నంబరు, ఈమెయిలు ఇవ్వాలని రక్షణశాఖ సమాచార విభాగం కోరింది. వాడుకరులు విశ్వవిద్యాలయాల పరిశోధకులు, సైనిక సంస్థల ఉద్యోగులు, గుత్తేదారులు. ఇచ్చిన చిరునామా సాధారణంగా కార్యాలయానిది. ఒకచోట యంత్రం మొరాయిస్తే మరొకచోటినుంచి ఫోన్ చేసి చెప్పాలి గనుక నంబరు తెలియడం అందరికీ అవసరం. అబద్ధం చెప్పవలసిన అగత్యం ఎవరికీ లేదు.

అదే ఏడాది మార్చి 15న సింబాలిక్స్ అన్న సంస్థ డాట్‌కామ్ కింద మొట్టమొదటి పేరును నమోదు చేసుకుంది. మనుషుల కోసం ఏర్పడిన పట్టికలోకి పేర్ల యజమానులూ వచ్చి చేరారు. 1993లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఒప్పందంతో ఈ నమోదు పని నెట్‌వర్క్ సొల్యూషన్స్ చేతికి వెళ్ళింది. 1995లో రెండేళ్ళకు 100 డాలర్ల రుసుము పెట్టారు. 1998లో ఐకాన్ సంస్థ పుట్టింది. ఇంత మారినా పాత పుస్తకపు నియమం మారలేదు. పేరు కొనుక్కున్న ప్రతివారి వివరాలనూ ఉచితంగా, అందరికీ చూపాలని ఐకాన్ తన ఒప్పందంలో రిజిస్ట్రార్లకు షరతు పెట్టింది. అంతేకాదు, ఏడాదికి 10,000 డాలర్లకు మించని ధరకు పట్టిక మొత్తాన్ని మూకుమ్మడిగా ఇవ్వాలని కూడా అందులో ఉండేది. కార్యాలయపు గోడమీది ఫోన్ల జాబితా, చూస్తూండగానే, కోట్లమంది ఇళ్ళ చిరునామాలతో నిండిన సంత సరుకైంది.

చాలా ఏళ్ళ క్రితం మా ఊరి తెలుగు సంఘం వెబ్‌సైటుకు పేరు నమోదు చేయవలసివచ్చినప్పుడు నా పేరు, ఇంటి చిరునామా ఇచ్చాను. కొద్ది వారాల్లోనే, గడువు ముగిసిపోతోందనీ వెంటనే డబ్బు పంపమనీ, ప్రభుత్వ నోటీసును పోలిన ఉత్తరాలు ఇంటికి రావడం మొదలైంది. పంపినవారికీ మా నమోదుకూ ఏ సంబంధమూ లేదు. ఈ పత్రిక చదివేవారిలో సంఘాలకూ గుడులకూ ఇటువంటి పని చేసిపెట్టినవారికి ఆ ఉత్తరాలు తెలిసే ఉంటాయి.

మరి జనం ఏం చేశారు? వైద్యవృత్తిలో ఉన్నవారికి ఈ ప్రశ్నకు జవాబు ఊహించడం కష్టం కాదు. పదిమంది వింటుండగా వార్డులో నిలబడి రోగిని తాగుడు గురించి అడిగితే వచ్చే జవాబు కేసుషీటులో రాయడానికి పనికివస్తుందేమో గాని, చికిత్సకు పనికిరాదు. హూఈజ్ పట్టికలోనూ అదే జరిగింది. ఉత్తుత్తి పేర్లు, ఒకే అంకె పదిసార్లు వచ్చే ఫోన్ నంబర్లు, లేని వీధులు నిండాయి. మోసగాళ్ళు ఎలాగూ నిజం రాయరు. దాక్కోవలసిన పనిలేనివారు కూడా తమ ఇంటిగుట్టు కాపాడుకోవడానికి అబద్ధం రాశారు.

ఈ అబద్ధాలను లెక్కపెట్టే ప్రయత్నాలు జరిగాయి. 2005 నవంబరులో అమెరికా ప్రభుత్వ గణన పర్యవేక్షక సంస్థ డాట్‌కామ్, డాట్‌నెట్, డాట్‌ఆర్గ్ పేర్లలో సుమారు 23 లక్షలు, అంటే 5 శాతం పైచిలుకు, చూడగానే బూటకమని తెలిసే వివరాలతో ఉన్నాయని అంచనా వేసింది. వాటిలో 45 నమోదుల గురించి ఐకాన్‌కు ఫిర్యాదు చేస్తే నెలరోజుల్లో సరిదిద్దినవి 11. 2010లో షికాగోకు చెందిన నార్క్ సంస్థ ఐకాన్ తరఫున 1,419 నమోదులను పరిశీలించింది. దాని కొలబద్ద వేరు: చిరునామాకు ఉత్తరం చేరాలి, ఆ పేరు మనిషికి ఆ చిరునామాతో సంబంధం ఉండాలి, పలకరిస్తే ‘ఆ డొమైను నాదే’ అని ఆ మనిషి ఒప్పుకోవాలి. ఈ మూడు పరీక్షల్లోనూ నెగ్గినవి నాలుగో వంతు కూడా లేవు.

ఐదు శాతమా, డెబ్బై ఐదు శాతమా? రెండూ నిజమే. పరీక్ష మారితే వ్యాధి వ్యాప్తి మారుతుందన్నది వైద్యశాస్త్రంలో తొలి పాఠాలలో ఒకటి. వాదులాడుకున్నవారు మాత్రం తమకు అనుకూలమైన అంకెనే పట్టుకున్నారు.

‘ఖచ్చితం’ అన్న మాటకే అర్థం కుదరని చోటు మరొకటుంది. 2004 నాటి ఆర్.ఎఫ్.సి. 3912, హూఈజ్‌లో భద్రతకు ఏర్పాటు లేదనీ, ఏ లిపిలో జవాబు ఇస్తున్నదో చెప్పే మార్గమే లేదనీ దాపరికం లేకుండా ఒప్పుకుంది. వాడుకలో అది రోమను లిపి పట్టిక. లక్ష్మి అన్న పేరును రెండు మూడు రకాలుగా రాస్తాం, ఇంటిపేరును ముందు పెట్టాలో వెనక పెట్టాలో గడి గడికీ తడబడతాం, రామాలయం ఎదురుగా అన్నదే అసలు చిరునామా అయిన ఊళ్ళనుంచి వచ్చాం. అబద్ధమాడకుండానే తప్పు వివరాల ఖాతాలోకి చేరగల జాతి మనది.

ఐరోపానుంచి హెచ్చరిక చాలా ముందే వచ్చింది. 2003లోనే అక్కడి వ్యక్తిగత సమాచార పరిరక్షణ అధికారుల బృందం, ఒక పనికోసం సేకరించిన వివరాలను అందరి ముందూ పరచడం చట్టానికి ఒప్పదని అభిప్రాయం ప్రకటించింది. ఐకాన్ విన్నది గాని మారలేదు. ఈలోగా మార్కెట్టు తన ఉపాయం తాను చూసుకుంది: డబ్బు ఇస్తే మీ పేరు బదులు తమ పేరు చూపే ప్రాక్సీ సేవలు పుట్టాయి. గోప్యత ఒక హక్కు కావడానికి బదులు ఏటా కట్టే చందా అయింది. 2013 ఒప్పందంలో ఐకాన్ బిగించింది: ఈమెయిలో ఫోనో పదిహేను రోజుల్లో ధ్రువపడకపోతే పేరును నిలిపివేయాలి లేదా రిజిస్ట్రారు స్వయంగా సరిచూడాలి. పనిచేసే ఈమెయిలు అబద్ధాలకోరుకూ ఉంటుందన్న సంగతి అలాగే ఉండిపోయింది.

2015లో వ్యాపార వెబ్‌సైట్లకు ప్రాక్సీ సేవను నిషేధించాలన్న ఆలోచన ఐకాన్‌లో చర్చకు వచ్చినప్పుడు వేలాదిమంది వ్యతిరేకిస్తూ రాశారు. ఇంటినుంచే చిన్న వ్యాపారం చేసుకునేవారు, వేధింపులకు గురైన స్త్రీలు తమ చిరునామా ఎందుకు చూపాలన్నది వారి ప్రశ్న. నిషేధం రాలేదు. వారి భయం న్యాయమైనదే. కాని వైద్యుడిగా నాకు మరొక వర్గం కనిపిస్తుంది: చీటీ లేకుండా మందులు అమ్మే దొంగ దుకాణాలు. ఒక సైటు మూతపడితే మరో పది పేర్లతో తెరుచుకునే వాటిని, ఒకే అబద్ధపు చిరునామా, ఒకే ఈమెయిలు పదేపదే కనిపించడం ఆధారంగా ఒక గొలుసుగా పట్టుకోవచ్చు. అంటే హూఈజ్‌లోని అబద్ధాలు కూడా పరిశోధకులకు పనికివచ్చేవి. అమెరికాలో ప్రాక్టీసు చేసే దాదాపు వైద్యులందరి పేర్లూ, ప్రాక్టీసు చిరునామాలూ ఎన్.పి.ఐ. పట్టికలో ఎవరైనా చూడవచ్చు. ప్రజలకు మందు రాసేవాడి ఆచూకీ ప్రజలకు తెలియాలన్నది న్యాయం. మందు అమ్మేవాడికి ఆ నియమం ఎందుకు వర్తించకూడదో నాకు అర్థం కాదు.

2018 మే 25న ఐరోపా సమాచార పరిరక్షణ చట్టం అమలులోకి వచ్చింది. దానికి వారం ముందు ఐకాన్ హడావిడిగా తాత్కాలిక నియమాలు ప్రకటించి వ్యక్తుల వివరాలు కప్పడానికి ఒప్పుకుంది. అయినా పరిపాలన, సాంకేతిక సంబంధీకుల వివరాలను సేకరించాలన్న పట్టు వదలక, అందుకు నిరాకరించిన ఎపాగ్ అన్న జర్మన్ రిజిస్ట్రారు మీద బాన్ కోర్టుకెక్కింది. కోర్టు ఐకాన్ కోరిక తోసిపుచ్చింది. ఆ చట్టం కాపాడేది మనుషులను, కంపెనీలను కాదు. కాని ఏది మనిషి, ఏది కంపెనీ అని విడదీసే శ్రమ ఎందుకని చాలామంది రిజిస్ట్రార్లు అందరినీ కప్పేశారు. పట్టికలోని తప్పులను లెక్కించడానికి ఐకాన్ నడిపిన సర్వే కూడా, చూడడానికి వివరాలు లేక, ఆగిపోయింది.

2025 జనవరి 28తో డాట్‌కామ్ వంటి పేర్లకు హూఈజ్ నడపాలన్న నిర్బంధం తొలగింది. దాని స్థానంలో వచ్చిన ఆర్‌డాప్‌కు ‘అడుగుతున్న నీవెవరు?’ అని అడిగి, మనిషిని బట్టి జవాబివ్వగల శక్తి ఉంది. తెలుగు పేరును తెలుగులోనే చూపగలదు కూడా, పేరు గడి కప్పి ఉండకపోతే. ఐరోపా సమాఖ్య ఇప్పుడు అటునుంచి నరుక్కొస్తున్నది: 2022లో చేసిన రెండవ సైబర్ భద్రతా ఆదేశంలోని 28వ అధికరణం ప్రకారం నమోదు వివరాలను సరిచూసే పద్ధతి ఉండాలి, వ్యక్తిగతం కాని వివరాలు బయట పెట్టాలి, సరైన కారణంతో అడిగినవారికి 72 గంటల్లో జవాబు చెప్పాలి. ‘సరైన కారణం’ ఏదో తేల్చే పని ముందుగా పడేది, పేర్లు అమ్ముకునే రిజిస్ట్రార్ల మీదనే.