1/70 నుంచి సమత తీర్పు దాకా: ఆ అంకెల వెనుక మన చరిత్ర

ఏజెన్సీలో 1/70 అనే మాట తెలియని ఇల్లు లేదు. సంతలోనూ, పంచాయతీ దగ్గరా, ఐటీడీఏ ఆఫీసు ముందు ధర్నాలోనూ వినపడుతూనే ఉంటుంది. సమత తీర్పు అన్న మాటా అంతే. కానీ ఆ తీర్పును స్వయంగా చదివినవాళ్లు మనలో ఎంతమంది? ఈ సంచిక కోసం పాత కరపత్రాలు, వినతిపత్రాలు సర్దుతుంటే చాలా కాగితాల్లో ఒకే వరుస కనిపించింది: (1997) 8 ఎస్సీసీ 191. మొదట ఎవరో వకీలు రాసి ఇచ్చి ఉంటారు. తర్వాత ఒకరి కాగితం చూసి ఇంకొకరు దించుకుంటూ వచ్చారు. ఒక కరపత్రంలో 191 కాస్తా 119 అయింది. ఆ అంకె పట్టుకుని వెళితే ఇంకెవరి కేసులోనో తేలతాం.

ఈ వరుసను కోర్టు భాషలో సైటేషన్ అంటారు. ఇది కేసు నంబరు కాదు, పుస్తకంలో పేజీ చిరునామా. 1997 అనేది సంవత్సరం, 8 ఆ ఏడాది వచ్చిన సంపుటం, ఎస్సీసీ అంటే సుప్రీంకోర్ట్ కేసెస్ అనే పుస్తకాల వరుస, 191 తీర్పు మొదలయ్యే పేజీ. అదే తీర్పును ఇతర ప్రచురణకర్తలూ అచ్చువేస్తారు కాబట్టి దానికి ఇంకో చిరునామా కూడా ఉంది: ఏఐఆర్ 1997 ఎస్సీ 3297. రెండూ చూసి రెండు తీర్పులనుకోకండి. మేమూ మొదట అలాగే అనుకున్నాం.

ఇప్పుడు ఆ పేజీ తెరుద్దాం. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలం, బొర్రా గుహల చుట్టుపక్కల మన ఊళ్లు. అక్కడ ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం మైనింగ్ లీజులు ఇచ్చింది. గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకూడదని 1959 నాటి ఒకటో రెగ్యులేషన్, దాన్ని బిగించిన 1970 నాటి ఒకటో రెగ్యులేషన్ చెబుతున్నాయి. ఆ రెండోదే మన 1/70. మరి భూమి ప్రభుత్వానిదైతే? చట్టంలో 'వ్యక్తి' అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందా? కేసంతా ఈ ఒక్క మాట మీదే తిరిగింది. 1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు వస్తుందన్నారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు, కంపెనీలకు ఇచ్చిన లీజులు చెల్లవన్నారు. మూడో న్యాయమూర్తి జి.బి.పట్నాయక్ ఒప్పుకోలేదు. ఆయన ఎందుకు ఒప్పుకోలేదో కూడా చదవాలి. రేపు మనకు ఎదురు నిలబడే వకీలు అక్కడి నుంచే మొదలుపెడతాడు.

మన సభల్లో పెద్దగా వినపడని సంగతి ఒకటి అందులోనే ఉంది. ఏజెన్సీలో తవ్వకాలే వద్దని ఆ తీర్పు అనలేదు. ప్రభుత్వ ఖనిజ సంస్థకు దారి తెరిచే ఉంచింది. గిరిజనుల సహకార సంఘాలకూ ఉంచింది. నికర లాభంలో కనీసం 20 శాతం నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు నిధిగా పెట్టాలన్నది కూడా. వేదిక మీద చెప్పేదానికీ పేజీలో ఉన్నదానికీ ఇంత తేడా ఉంటే, అధికారి ముందు కూర్చున్నప్పుడు నష్టపోయేది మనమే.

అంతకు ముందరి మెట్టు పి.రామిరెడ్డి కేసు, (1988) 3 ఎస్సీసీ 433. 1/70 రాజ్యాంగానికి విరుద్ధమని గిరిజనేతరులు వేసిన కేసది. సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. సమత తీర్పుకు పునాది ఇక్కడుంది, కానీ మన కరపత్రాల్లో దీని పేరు ఒక్కచోటా దొరకలేదు.

గెలిచినవే చదివితే చాలదు. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. చేబ్రోలు లీలాప్రసాదరావు కేసు, (2021) 11 ఎస్సీసీ 401. తీర్పు వచ్చింది 2020లో, పుస్తకం సంవత్సరం 2021. వెతికేటప్పుడు ఇక్కడ చాలామంది తికమక పడతారు. ఆ వారమంతా ఫోన్లలో ఒకటే భయం: చేస్తున్న ఉద్యోగాలూ పోతాయని. తీర్పు చివరికి వెళ్లి చూస్తే, ముందుముందు రిజర్వేషన్ పరిమితి దాటరాదన్న షరతు మీద అప్పటిదాకా జరిగిన నియామకాలను కాపాడారు. ఆ కొన్ని వాక్యాలు చదవక ఎన్ని ఇళ్లలో నిద్రలేదో!

వెతకడానికి ఇప్పుడు పట్నం వెళ్లి లైబ్రరీలో కూర్చోనక్కర్లేదు. సుప్రీంకోర్టు వారి ఈ-ఎస్సీఆర్‌లో, ఇండియన్ కానూన్‌లో ఖర్చు లేకుండా చదవొచ్చు. సైటేషన్ కొడితే రాకపోతే పార్టీల పేర్లు, తేదీ కొట్టండి. పేర్లూ తెలియకపోతే ఊరి పేరు కొట్టి చూడండి. సమత కేసు శీర్షికలో ఏ ఊరూ లేదు, బొర్రా లోపలెక్కడో ఉంటుంది. పేరా నంబర్లు మాత్రం పుస్తకాన్ని బట్టి మారవచ్చు, ఏ పుస్తకంలోదో రాసుకోండి. హైకోర్టు తీర్పులైతే ఏఎల్‌టీ, ఏఎల్‌డీ అని ఉంటాయి. 1954కు ముందు ఆంధ్రా ఏజెన్సీ కేసులు మద్రాసు హైకోర్టువి, వాటికి ఐఎల్ఆర్ మద్రాసు, ఎంఎల్‌జే చూడాలి.

అయితే మన తాతల కేసులు చాలావరకు ఈ పుస్తకాల్లోకి ఎక్కనే లేదు. అవి స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులోనే మొదలై అక్కడే ముగిశాయి. వాటికి ఎస్సీసీ ఉండదు, ఎల్‌టీఆర్‌పీ నంబరు, సంవత్సరం మాత్రమే ఉంటాయి. ఆ నంబరు పోతే కేసు ఉన్నట్టు తెలిసే దారే ఉండదు. మీ ఇంట్లో ట్రంకుపెట్టెలో, చూరులో పాత ఆర్డరు కాపీ ఉంటే చెదలు పట్టకముందే ఫొటో తీయండి. నంబరు, తేదీ, ఊరు, సర్వే నంబరు ఒక నోటుబుక్కులో ఎక్కించి సంఘానికి ఒక ప్రతి ఇవ్వండి. భూమి ఎలా పోయిందో, ఎలా తిరిగొచ్చిందో చెప్పగల పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకుని రాయండి.