బడి విడిచిన తర్వాత

మా ఊళ్ళో పొగాకు గ్రేడింగు పనికి వెళ్ళే స్త్రీల పిల్లల కోసం నేనూ మరి ముగ్గురు ఉపాధ్యాయ మిత్రులూ కలిసి, యూనియన్ ఆఫీసు వెనక గదిలో ఒక సాయంత్రపు ఆటశాల నడిపాము. అది నాలుగేళ్ళు నడిచి ఆగిపోయింది. దాని కథ చెప్పటం ఈ వ్యాసం వుద్దేశం కాదు. కాని అక్కడ ఒక తల్లి నన్నడిగిన ప్రశ్నే దీనికి మూలం. "ఆడుకోటానికైతే వీధి లేదా మేస్టారూ? మీరు చదువుకున్నోళ్ళు. నాలుగు అక్షరాలు చెప్పొచ్చుగా," అన్నదామె. ఆటవల్ల మనోవికాసం కలుగుతుందని ఏదో పుస్తకంలోని మాట చెప్పాను. ఆమె "సరేలెండి," అని వెళ్ళిపోయింది. నా సమాధానం ఆమెకు నచ్చలేదు. నిజానికి నాకూ నచ్చలేదు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేను చరిత్ర చదివాను. బడి విడిచిన తర్వాత తల్లి ఇల్లు చేరేదాకా వుండే ఆ రెండు మూడు గంటలు ఎక్కడినుంచి వచ్చాయి? అవి ఎవరివి?

రైతు కుటుంబంలో, చేతిపనివాని ఇంట్లో పనీ బిడ్డా ఒకచోటే వుండేవి. అది స్వర్గమని నేననటం లేదు. అక్కడ పిల్లవాడు చేతికందగానే పనివాడయ్యేవాడు. యంత్రయుగం పనిని ఇంటినుంచి విడదీసింది. మొదట్లో బిడ్డను కూడా తల్లి వెంటే మిల్లులోకి లాగింది. ఇంగ్లండులో 1833 చట్టం తొమ్మిదేళ్ళలోపు పిల్లలను చాలా బట్టల మిల్లుల్లో పెట్టుకోరాదన్నది. 1880 చట్టం పిల్లల్ని బడికి పంపటం తప్పనిసరి చేసింది. రెండూ మంచి చట్టాలే. కాని అవి బిడ్డను మిల్లులోనుంచి తప్పించి, తల్లిని లోపలే వుంచాయి. బడిగంట ఒక వేళకు మోగుతుంది, మిల్లు మరొక వేళకు వదులుతుంది. ఈ రెండింటికీ మధ్య మిగిలినదే మనం మాట్లాడుకొంటున్న కాలం. కనుక అది పిల్లలకు సహజంగా దక్కిన తీరిక కాదు, తల్లి పనిదినం పిల్లల జీవితం మీద వేసిన నీడ. దీన్ని గుర్తించకపోతే పిల్లల సంరక్షణ అంతా దయాధర్మంగానే కనిపిస్తుంది.

ఆ ఖాళీని ఎట్లా నింపాలనేదానికి పాలకవర్గాలకు తోచిన మొదటి సమాధానాల్లో ఒకటి పని. 1887లో స్టాక్‌హోంలో అన్నా హియెర్తా-రెట్సియస్ అనే సంపన్న స్త్రీ పిల్లల పనిశాలలను మొదలుపెట్టింది. పేద పిల్లలు బడి అయిన తర్వాత అక్కడ చేరి బుట్టలల్లటం, కుట్టుపని, వడ్రంగం వంటివి చేసేవారు. ప్రతిఫలంగా భోజనం దొరికేది. ఆమె మంచితనాన్ని నేను శంకించటం లేదు. ఆకలిగొన్న పిల్లవానికి అన్నం పెట్టడం చిన్న విషయం కాదు. కాని పేదవాని బిడ్డ వూరికే తినకూడదు, వూరికే వుండకూడదు అనే నీతి అందులో వుంది. ధనికుల బిడ్డలు అదేవేళ తోటల్లో వూరికేనే ఆడుకొంటూ వుండేవారు.

ఆటకు చోటు ఇచ్చినవారిలో మొదట చెప్పవలసిన పేరు మేరీ వార్డ్. మిసెస్ హంఫ్రీ వార్డ్ అనే పేరుతో నవలలు రాసి ప్రసిద్ధికెక్కిన రచయిత్రి. లండన్‌లో 1897లో తలుపులు తెరిచిన పాస్‌మోర్ ఎడ్వర్డ్స్ సెటిల్‌మెంటులో ఆమె కార్మికుల పిల్లలకు ఆటలూ పాటలూ కథలూ ఏర్పాటు చేసింది. తర్వాత కొద్ది ఏళ్ళకే, సాయంత్రాలు తాళం వేసి వుండే ప్రాథమిక పాఠశాలల్లోనే ఆటకేంద్రాలు తెరిపించింది. ఇది సులువుగా కనిపించే గొప్ప ఆలోచన. గోడలూ కప్పూ ప్రజలవి, అవి రాత్రిదాకా ఖాళీగా ఎందుకుండాలి? 1907 విద్యాచట్టం ఇటువంటి కేంద్రాలు నడపటానికి స్థానిక సంస్థలకు అధికారమిచ్చింది. 1917లో ప్రభుత్వం ఖర్చులో సగం భరించటానికి ఒప్పుకొన్నది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది: ప్రభుత్వం డబ్బిచ్చింది మహాయుద్ధం మధ్యలో. తండ్రులు యుద్ధరంగంలో, తల్లులు మందుగుండు ఫ్యాక్టరీల్లో వున్నారు. వీధుల్లో బాలనేరాలు పెరుగుతున్నాయని పాలకులు భయపడ్డారు. పిల్లల ఆట మీద ప్రేమకన్న పిల్లల అల్లరి మీద భయమే ఖజానా తాళం తీసింది. రెండవది: శ్రామిక స్త్రీల బిడ్డల కోసం ఇంత చేసిన మేరీ వార్డే 1908లో స్త్రీల ఓటుహక్కును వ్యతిరేకించే సంఘాన్ని స్థాపించటంలో ముందు నిలిచింది. బిడ్డకు ఆటబొమ్మ ఇస్తుంది, తల్లికి ఓటు ఇవ్వదు. ఇది ఆమె వ్యక్తిగత వైచిత్రి అని నేననుకోను. పైనుంచి దిగివచ్చే దయకు సహజమైన హద్దు అది. ఆ కాలపు లండన్ పేటల్లో చంటిబిడ్డలను చంకనేసుకొని తిరిగే ఆడపిల్లలను "చిన్న తల్లులు" అని పిలిచేవారు. ఆ చిన్న తల్లులను ముద్దుగా చూడటం వేరు, వారిని పుట్టించిన పనిదినాన్ని ప్రశ్నించటం వేరు.

మాస్కోలో ఇదే పని మరొకవిధంగా జరిగింది. 1905 విప్లవకాలంలో స్తనిస్లావ్ షాత్స్కీ అనే యువ ఉపాధ్యాయుడు, అలెగ్జాండర్ జెలెంకో అనే వాస్తుశిల్పి కలిసి కార్మికుల పిల్లలతో పని ప్రారంభించారు. 1906లో వారు స్థాపించిన సంఘం పేరు "సెటిల్‌మెంట్". పేరు ఆంగ్లదేశపుదే, పద్ధతి వేరు. పిల్లలు తమకిష్టమైన బృందాల్లో చేరి, తమ నియమాలు తామే చర్చించి పెట్టుకొనేవారు. 1908లో పోలీసులు దాన్ని మూసివేశారు. ఆరోపణ: పిల్లల్లో సోషలిజం ప్రచారం. అక్కడ మార్క్స్‌ను బోధిస్తున్నారా అంటే, లేదు. పిల్లలు సమావేశమై తీర్మానాలు చేస్తున్నారు. జారు పోలీసులకు అంతమాత్రమే చాలింది. వాళ్ళు మూర్ఖులని మనం నవ్వుకోనక్కరలేదు. తన ఆటకు తానే నియమం పెట్టుకొన్న పిల్లవాడు రేపు తన పనికీ నియమం అడుగుతాడని వాళ్ళు పసికట్టారు.

పైవారి దయతో కాక కార్మికుల స్వంత సంఘంగా ఈ పని జరిగింది ఆస్ట్రియాలో. 1908లో గ్రాజ్ నగరంలో ఆంటోన్ అఫ్రిచ్ అనే సోషల్ డెమొక్రాట్ "కిండర్‌ఫ్రాయిండె", అంటే "పిల్లల నేస్తాలు" అనే సంఘం స్థాపించాడు. మొదట్లో దాని ఆశయం చిన్నది: పనిలో వున్న తల్లిదండ్రుల పిల్లలను పోగుచేసి, ఆడించి, నగరం బయటికి షికారు తీసుకుపోవటం. యుద్ధం ముగిసి సామ్రాజ్యం కూలిన తర్వాత దాని రూపమే మారింది. 1919లో వియన్నాలోని షోన్‌బ్రున్ రాజమహలులో కొంత భాగం వీరి చేతికి వచ్చింది. చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ 1916లో కన్నుమూసిన ఆ మహలులోనే కార్మికుల పిల్లలు పరుగెత్తారు. అక్కడే ఒట్టో ఫెలిక్స్ కానిట్జ్ పిల్లల సంరక్షకులకు శిక్షణ ఇచ్చే పాఠశాల నడిపాడు. ఆయన తానే అనాథాశ్రమంలో పెరిగినవాడు. 1924 వరకు నడిచిన ఆ పాఠశాల ఒక సంగతి తేల్చింది: పిల్లలను ఆడించటం, నేర్చుకొని చేయవలసిన పని, ఓపికగల అమ్మాయి ఎవరైనా చేస్తుందిలే అని వదిలేసేది కాదు.

పత్రికా రచయిత మాక్స్ వింటర్ నాయకత్వంలో ఆ సంఘం 1920ల్లో బాగా విస్తరించింది. ఇదేకాలంలో ఆస్ట్రియా శ్రామికులు ఎనిమిది గంటల పనిదినం చట్టాన్ని సాధించుకొన్నారు. ఈ రెండింటినీ కలిపి చూడాలి. పనిగంటలు తగ్గించి బిడ్డకు తల్లిని తిరిగి ఇవ్వటం ఒకటి. తల్లి లేని గంటలో బిడ్డను మనిషిగా చూసే చోటు ఇవ్వటం రెండవది. కార్మికోద్యమం చేతిలో ఈ రెండూ ఒకే కోరిక. ఫాసిస్టులకు కూడా ఇది అర్థమైంది. 1934 ఫిబ్రవరిలో డాల్ఫుస్ ప్రభుత్వం కార్మికుల ఇళ్ళమీద ఫిరంగులు పేల్చినప్పుడు నిషేధించిన సంస్థల్లో పిల్లల నేస్తాలూ వుంది. కానిట్జ్ 1940లో బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. సంఘం 1945లో మళ్ళీ లేచింది. ఈనాటికీ పిల్లల కేంద్రాలు నడుపుతున్నది.

ఇంతవరకు చెప్పి ఆపితే నా వ్యాసం మనవారికి హాయిగా వుంటుంది. కాని నిజం చెప్పవలసినది ఇంకా వుంది. అక్టోబరు విప్లవం తర్వాత షాత్స్కీకి సోవియట్ ప్రభుత్వం గొప్ప అవకాశమిచ్చింది. 1919లో ఆయన నాయకత్వాన ప్రయోగ విద్యాకేంద్రం ఏర్పడింది. కాని 1931లో పార్టీ కేంద్రసంఘం తీర్మానంతో పాఠశాల తిరిగి పాఠం, పరీక్ష, క్రమశిక్షణల దారి పట్టింది. షాత్స్కీ కేంద్రం కూడా ఎక్కువకాలం నిలవలేదు. 1933లో లెనిన్‌గ్రాడ్‌లో విగోత్స్కీ పిల్లల ఆటను గురించి ఒక ఉపన్యాసమిచ్చాడు. అది అచ్చులోకి రావటానికి 1966 దాకా ఆగవలసివచ్చింది. అందులో ఆయన ఒక ఉదాహరణ చెబుతాడు: ఇద్దరు అక్కచెల్లెళ్ళు అక్కచెల్లెళ్ళ ఆట ఆడుకొంటారు. నిత్యజీవితంలో తాము గమనించకుండా చేసే పనులే ఆటలో వారికి నియమాలుగా కనిపిస్తాయి. అంటే ఆట వాస్తవంనుంచి పారిపోవటం కాదు. వాస్తవాన్ని చేతిలోకి తీసుకొని తిప్పి చూడటం. జారు పోలీసులు భయపడినదాన్నే మనవారూ నమ్మలేకపోయారు. ఇది ఒప్పుకోవటానికి మనకు సంకోచం అక్కరలేదు.

నాకసలే అక్కరలేదు, ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను. ఆ తల్లి అడిగిన తర్వాత మేము ఆటలు తగ్గించి ఎక్కాలూ డిక్టేషనూ పెట్టాము. వారానికి రెండు రోజులు ఉద్యమగీతాలు నేర్పాము. నెల తిరిగేసరికి పిల్లలు సగమయ్యారు. మిగిలిన సగం గోడకానుకొని నిద్రపోయేవారు. పగలంతా బడిలో కూర్చున్నవారిని మళ్ళీ కూర్చోపెట్టాము, అంతే. తిరిగి తలుపులు తెరిచి, కాళ్ళు చేతులు కడిగించి, బొరుగులు పెట్టి, ఎవరి ఆట వారిది అని వదిలేశాకే గది నిండింది. ఒకరోజు ఒక మూల అయిదారుగురు ఆడపిల్లలు ఎండుటాకులు పోగుచేసి "గ్రేడింగు" ఆడుతున్నారు. ఒకతె మేస్త్రీ. ఆకు చిరిగిందని మిగతావారి కూలిలో కోత పెడుతున్నది. కాసేపటికి ఒక పిల్ల లేచి, "చిరిగింది నేను కాదు, గోతాంలోనే చిరిగుంది," అన్నది. అందరూ ఆట ఆపి తగవు తేల్చుకొన్నారు. మేము నేర్పిన పాటల్లో ఏ ఒక్కటీ ఆ పిల్లకు ఆ మాట నేర్పలేదు.

మన దేశంలో పరిస్థితి ఏమిటి? 1948 ఫ్యాక్టరీల చట్టం స్త్రీలు పనిచేసేచోట శిశుగృహం వుండాలన్నది, ఆరేళ్ళలోపు బిడ్డలకు. 2020లో చేసిన వృత్తి భద్రతా కోడ్ కూడా ఆ ఆరేళ్ళ హద్దు దాటలేదు. 2009 విద్యాహక్కు చట్టం ఆరునుంచి పద్నాలుగేళ్ళవారికి బడి ఇచ్చింది. బడి విడిచిన తర్వాత? ఆ గంటకు చట్టంలో పేరే లేదు. ప్రయత్నాలు లేకపోలేదు. 1940లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించి తెలుగు పిల్లలకు ఆటపాటల గౌరవం తెచ్చారు. కాని ఆ రోజుల్లో రేడియో వున్న ఇళ్ళెన్ని? 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శనకు కట్టడాలు లేస్తున్నచోట, కూలీల బిడ్డలు మట్టిలో పడివుండటం చూసి మీరా మహదేవన్ మొబైల్ క్రెషెస్ సంస్థను ఆరంభించింది. ఇవి గౌరవించదగిన పనులు. కాని అవి మొత్తం ఖాళీని పూడ్చలేవు. పూడుస్తున్నది రెండే సంస్థలు. డబ్బున్నవారికి ట్యూషను. లేనివారికి అక్క.

అవును, బడి తర్వాత పిల్లలను చూసే అతి పెద్ద సంస్థ ఈ దేశంలో అక్కే. ఆమెకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. జీతం లేదు, సెలవు లేదు. మా ఆటశాలకు వచ్చిన ఆడపిల్లల్లో చాలామంది చంకలో తమ్ముణ్ణో చెల్లెల్నో ఎత్తుకొని వచ్చినవారే. చంటిపిల్లలను రానివ్వము అని మేము నియమం పెట్టివుంటే అక్కలెవరూ వచ్చేవారు కాదు. అందుకే మేము ఒక పాత దుప్పటి పరిచి, ఒకరు చంటిపిల్లల దగ్గర కూర్చొనే ఏర్పాటు చేశాము. ఆ బిడ్డను దించిన క్షణంలో అక్క మళ్ళీ పిల్ల అయ్యేది.

మా ఆటశాల ఎందుకు ఆగింది? నలుగురిలో ఇద్దరికి బదిలీలైనాయి, ఒకరికి జబ్బు చేసింది. జీతం లేని ఉత్సాహంతో నడిపినది ఉత్సాహంతోపాటే పోయింది. త్యాగం మీద సంస్థలు నిలవవు. 2023 డిసెంబరునుంచి 2024 జనవరిదాకా ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ వర్కర్లూ ఆయాలూ 42 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం వారిమీద ఎస్మా ప్రయోగించింది. జీతమివ్వవలసి వచ్చినప్పుడు వారిది "గౌరవ సేవ". సమ్మె చేసినప్పుడు అదే "అత్యవసర సేవ". బిడ్డలను చూడటం పనే అని ఒప్పించటమే ఆ సమ్మెలోని అసలు విషయం. సాయంత్రపు ఆటశాలలు రావాలన్నా దారి అదే: ప్రజల బడిగదులు, శిక్షణ పొందిన మనుషులు, వారికి జీతం, పిల్లలకు స్వేచ్ఛ. యూనియన్ల కోరికల పత్రాల్లో బోనసు పక్కన ఈ కోరిక ఎందుకుండరాదు?

ఇప్పుడైతే ఆ తల్లికి ఇట్లా చెబుతాను: అమ్మా, ఆడుకోటానికి వీధి వుంది, నిజమే. కాని మీ అమ్మాయి చంకలోని బిడ్డను వీధి దించుకోదు. అక్షరాలు చెప్పవలసినది బడి. మీరు పనిలోంచి తిరిగి వచ్చేదాకా వుండే ఈ పూట మాత్రం మీ కంపెనీవాడు మీ బిడ్డ దగ్గరనుంచి తీసుకొన్నది. దాన్ని బిడ్డకే తిరిగి ఇప్పించాలని మా ప్రయత్నం.