బందరు పోర్టు అంటే రేవు రేవు

'బందరు' పారసీ మాట. రేవు అని అర్థం. అంటే మనం 'బందరు పోర్టు' అన్న ప్రతిసారీ 'రేవు రేవు' అంటున్నామన్నమాట (ఏటీఎం మెషీన్ లాగా). తమాషా ఏంటంటే, ఇంత రేవున్న ఊళ్ళో కోనేరు సెంటర్లో నిలబడి నాలుగు వైపులా చూసినా సముద్రం కనబడదు.

గుడివాడ మామయ్య వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఒక రోజంతా బందరులో తిరిగాను. "అక్కడేవుందిరా చూట్టానికి? లడ్డూ తిని, మంగినపూడిలో మునిగి వచ్చెయ్" అన్నాడు మామయ్య. నా బుర్రలో మాత్రం ఆఫీసు పని మీద వెళ్ళినప్పుడు చూసిన బాల్టిమోర్ ఉంది. అక్కడా ఒకప్పుడు రేవే. సరుకు ఓడలు పెద్దవై, లోతు నీళ్ళున్న చోటికి వెళ్ళిపోయాక పాత రేవు పాడుబడింది. 1980లో జేమ్స్ రౌజ్ అనే ఆయన నీళ్ళ ఒడ్డున 'హార్బర్ ప్లేస్' కట్టాడు. మరుసటేడు అక్వేరియం వచ్చింది. 1854 నాటి యుద్ధనౌక ఒకటి ఒడ్డున కట్టేసి ఉంటుంది, టిక్కెట్టు కొని ఎక్కి చూడొచ్చు. జనమే జనం. బాల్టిమోర్ ఊరు పుట్టింది 1729లో. బందరులో ఇంగ్లీషువాళ్ళు కొట్టు తెరిచింది 1611లో. మరి మనకెందుకు లేదు అలాంటిది?

కొట్టు అంటే చిన్నమాట లెండి. గోల్కొండ కుతుబ్ షాహీలకి ఇదే పెద్ద రేవు. డచ్చివాళ్ళు 1605లోనే వచ్చారు, ఫ్రెంచివాళ్ళు 1669లో. వాళ్ళకంటే ముందునుంచీ పర్షియా వర్తకులున్నారు, ఊరికి ఆ పేరు పెట్టింది వాళ్ళ భాషే. పెగూ, సయాం, అరకాన్, హోర్ముజ్, మక్కా వైపు ఇక్కణ్ణుంచి ఓడలు వెళ్ళేవని టావెర్నియే రాశాడు. అందరూ వచ్చింది ముఖ్యంగా బట్ట కోసం. ఈ డెల్టాలో దొరికే చిరివేరుతో వేసిన ఎరుపు ఉతికినా పోదు. ఆ అద్దకం పెడనలో ఇప్పటికీ ఉంది. ఇహ గోల్కొండ వజ్రాలు వచ్చిన దారి దాదాపుగా ఇప్పటి హైదరాబాదు హైవేనే. బెజవాడలో బందరు రోడ్డు మీద ట్రాఫిక్కులో ఇరుక్కున్నప్పుడు ఈ సంగతి తల్చుకుంటే కొంచెం కాలక్షేపం.

ఇంత జరిగినా రేవు అని చూపించడానికి ఒక గట్టు లేదు, ఒక మెట్టు లేదు. ఎందుకంటే అసలెప్పుడూ లేదు. ఇక్కడి సముద్రం లోతు తక్కువ. ఓడలు మైళ్ళ దూరంలో లంగరేసుకునేవి, సరుకంతా పడవల మీద వచ్చేది, పోయేది. బాల్టిమోర్‌కి ఓడలు పోయాక కూడా రాతి కట్టలు, గిడ్డంగులు మిగిలాయి. బందరుకి పడవలు పోతే బురద మిగిలింది.

ఓడలు పోవడం కూడా ఒక్కసారిగా జరగలేదు. 1639లో మద్రాసు ఇసుకలో ఇంగ్లీషువాళ్ళకి జాగా దొరికింది, 1641కి పెద్దాఫీసు అక్కడికి మార్చేశారు. 1687లో గోల్కొండని ఔరంగజేబు పట్టుకున్నాడు. ఆ దర్బారు డబ్బు మీద బతికిన రేవుకి అది గట్టి దెబ్బ. 1759 ఏప్రిల్లో ఫోర్డ్ చిత్తడి నేలలో సైన్యాన్ని నడిపించి ఫ్రెంచివాళ్ళ నుంచి కోట లాక్కున్నాడు. లొంగిపోయినవాళ్ళు లొంగదీసినవాళ్ళకంటే ఎక్కువమంది! చరిత్ర పుస్తకాల్లో ప్లాసీకి దొరికిన చోటు దీనికి దొరకదుగానీ, తెలుగునేల మీద ఫ్రెంచివాళ్ళ కథ మలుపు తిరిగింది ఇక్కడే.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. ముప్ఫై వేలమంది పోయారని లెక్క. ఆ తర్వాత కోట మళ్ళీ కోలుకోలేదు. నూట పదమూడేళ్ళకి, 1977 నవంబరు 19న, కింద దివిసీమ మీదకి వచ్చింది. పదివేలమందికి పైనే. మా మామయ్య ఇంట్లో ఎవరైనా 'జనం ఉప్పెనలా వచ్చారు' లాంటి మాటంటే ఆయన ముఖం మారిపోతుంది. ఆ రోజుల గురించి అడిగితే "అవన్నీ ఇప్పుడెందుకురా" అంటాడు. నా ప్రశ్నకి సగం జవాబు అక్కడే దొరికిందనిపించింది. సముద్రానికి ఎదురుగా కుర్చీలేసుకుని కాఫీ తాగాలనే కోరిక, సముద్రం ఇంట్లోకి రాని ఊళ్ళవాళ్ళకి పుడుతుంది. మనవాళ్ళు సముద్రానికి వీపు పెట్టి కాపురాలు చేసుకున్నారు. అది తెలివితక్కువ అని నేననను.

అసలు ఈ డెల్టాలో రేవు ఒకచోట నిలబడే రకం కాదు. రెండో శతాబ్దంలో టాలెమీ చెప్పిన కంటకోసిల మన ఘంటసాలే అంటారు. అక్కడి శాసనంలో ఒక మహానావికుడి పేరుంది. ఇప్పుడు ఘంటసాల చుట్టూ వరి చేలు. కృష్ణ మేట వేసుకుంటూ పోతే సముద్రం జరిగిపోయింది. గుడివాడలోనూ పాత బౌద్ధ దిబ్బ ఉంది, మామయ్యకి అదో దిబ్బ అంతే.

ఓడలు పోయాక బందరు ఊరికే కూర్చోలేదు. 1843లో నోబుల్ బడి పెట్టాడు, అదే నోబుల్ కాలేజీ అయింది. 1902లో కృష్ణాపత్రిక మొదలైంది. 1923లో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఈ ఊళ్ళోనే (అదీ 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది). రైలు 1908లో వచ్చింది, అప్పటికి ఎక్కించడానికి ఓడల సరుకు పెద్దగా లేదు. దాన్లో ఎక్కి చదువుకున్నవాళ్ళు వెళ్ళారు.

ఊళ్ళో తిరుగుతుంటే ఫరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం అని ఆటోవాళ్ళు అరుస్తుంటారు. ఫ్రెంచి, డచ్చి, ఇంగ్లీషు. మూడు దేశాల పేర్లూ పది రూపాయల షేర్ ఆటోలో వచ్చేస్తాయి. డచ్చి సమాధుల రాళ్ళ మీద చెక్కిన వంశచిహ్నాలు చాలా అందంగా ఉన్నాయి. కోటలో గంట గోపురం చూస్తే మాత్రం గుండె కలుక్కుమంది. ఇటుకలు బయటపడి, ఇంకెన్ని వానలు తట్టుకుంటుందా అన్నట్టుంది. మామయ్య లెక్కలో అది 'ఏమీ లేనిదే'. కూలిపోతే అప్పుడు నిజంగానే ఏమీ ఉండదు.

బాల్టిమోర్ లాంటిది కట్టాలని ఇప్పుడు నేననుకోవట్లేదు. ఆ హార్బర్ ప్లేస్ కూడా 2019 నాటికి దుకాణాలు ఖాళీ అయిపోయి కోర్టు నియమించిన రిసీవర్ చేతికెళ్ళింది. ఇక్కడ కొత్త పోర్టుకి 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి, ముగ్గురు ముఖ్యమంత్రులు కొబ్బరికాయ కొట్టారు. రేవు రేవు అని పేరులోనే రెండున్నాయి కదా, మూడోది కూడా పడిందనుకుందాం. కొత్తదాని కోసం లారీల్లో వెళ్ళే ఇటుకల్లో ఒక్క లారీ దారి తప్పి కోటకొస్తే ఆ గోపురానికి సరిపోతుంది. పక్కన తెలుగులో నాలుగు వాక్యాలు రాసి పెడితే, లడ్డూల కోసం వచ్చిన పిల్లలు కూడా ఓ పది నిమిషాలు ఆగుతారు.