పన్నెండు నుంచి పందొమ్మిది దాకా

అమలాపురం పక్కనున్న బండారులంక నేత ఊరు. ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో, ఎంత అంచు ఉంటే చీరకు అందమో ఇక్కడి నేత ఇళ్ల పిల్లలకు బడిలో చేరకముందే కంటికి అలవాటవుతుంది. పదో తరగతి, ఇంటర్ మార్కుల పరుగులో మాత్రం ముందుగా అటకెక్కేది బొమ్మల పుస్తకమే.

విదేశాల్లో కొన్ని మ్యూజియాలు సరిగ్గా ఈ టీనేజీ పిల్లలకే తలుపులు తీస్తున్నాయి. ఫీజు ఉండదు, ముందుగా పేరు రాయించుకోనక్కర్లేదు. కాగితం, రంగులు వాళ్లే ఇస్తారు. తోచింది వేసుకుని ఇంటికి పోవచ్చు.

గోదావరి జిల్లాలకు ఇది కొత్త సంగతి కాదు. ఆస్వాల్డ్ కూల్డ్రే 1909 నుంచి 1919 వరకు రాజమండ్రి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్. పాఠాలయ్యాక ఆయన ఇల్లే కుర్రాళ్లకు చిత్రశాల. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నం, కవికొండల వెంకటరావు ఆయన చుట్టూ చేరినవారే. బొమ్మలూ కవిత్వమూ కలిసే నడిచేవి. వాటికి పరీక్ష లేదు, పట్టా లేదు.

రామారావు పుట్టింది 1897లో. కూల్డ్రే ప్రిన్సిపాల్ అయ్యేనాటికి అతనికి పన్నెండేళ్లు. 1916లో ఆ గురువు చొరవతోనే బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లేనాటికి పందొమ్మిది. ఆధునిక ఆంధ్ర చిత్రకళకు దారి వేసిన చెయ్యి కుదురుకున్నది ఈ నడుమ ఏళ్లలోనే. ఆ వయసులో పక్కన కూర్చుని గీత దిద్దే పెద్దమనిషి దొరకడం ఎంత భాగ్యమో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

బొంబాయి చదువుతో తిరిగొచ్చిన రామారావు, 1923లో రాజమండ్రిలోనే ఆంధ్ర సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్ట్ స్థాపించి, తాను పొందింది ఊరి కుర్రాళ్లకు పంచడం మొదలుపెట్టారు. 1925 ఫిబ్రవరిలో మశూచి ఆయన్ని పొట్టన పెట్టుకుంది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. వరదా వెంకటరత్నం ఆ పని వదల్లేదు. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టినవారే. రామారావు చిత్రాలు నేటికీ రాజమండ్రిలో ఆయన పేరిటే ఉన్న గ్యాలరీలో చూడొచ్చు.

మళ్లీ విదేశాల సంగతికి వస్తే, న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో విక్టర్ డెమికో 1942లో పిల్లల కళా సంబరం మొదలుపెట్టారు. తల్లిదండ్రులను లోపలికి రానిచ్చేవారు కాదు! పిల్లల చేతికి స్వేచ్ఛ ఇవ్వాలన్నది ఆయన పట్టుదల.

ఇక మన దగ్గర, అమలాపురంలో కోనసీమ చిత్రకళాపరిషత్ చిత్రలేఖన పోటీలు నిర్వహిస్తోంది. అది మెచ్చుకోవలసిన కృషి. అయితే పోటీకి వచ్చేవాడు అప్పటికే బొమ్మలు వేయడం తెలిసినవాడు. ఇంకా జంకుతున్న పిల్లకు, తొలి గీత తప్పుతుందని భయపడే పిల్లాడికి కావలసింది బహుమతి లేని ఆదివారం. బండారులంకలో దానికి పెద్ద భవనం అక్కర్లేదు. ఒక బడి గది, నాలుగు బల్లలు, చార్టు కాగితాలు, పోస్టర్ రంగులు చాలు. చీరలకు డిజైన్లు గీసే చేతులు ఊళ్లోనే ఉన్నాయి. నెలకో పూట వాళ్లు వచ్చి కూర్చుంటే గురువులను బయటినుంచి తెచ్చుకునే పనే లేదు.