వాక్కాయ చెర్రీ అయిన వైనం

బేకరీ కేకు మీద ఎర్రగా మెరిసే చెర్రీని ఈసారి కాస్త పరీక్షగా చూడండి. గింజలు తీయడానికి పెట్టిన గాటు కనిపిస్తే అది చాలావరకు మన వాక్కాయే. మార్కాపురం, గిద్దలూరు పక్కన నల్లమలలో నల్లటి చిన్న పళ్లు కాసే కలివి పొద ఉంది చూశారా, దానికి దగ్గరి చుట్టం.

పండు మెత్తబడకుండా నిలవ పెట్టే అసలు కిటుకు దొరికింది అమెరికాలో. ఐరోపా నుంచి దిగుమతయ్యే మరాస్కినో (తీపి పట్టించి నిలవ చేసిన) చెర్రీకే అప్పట్లో అక్కడ గిరాకీ. ఒరెగాన్ రాష్ట్ర రైతుల చెర్రీని నిలవ పెడితే మెత్తబడిపోయేది. అక్కడి వ్యవసాయ కళాశాలలో ఎర్నెస్ట్ వీగాండ్ 1920ల్లో దీని మీద పనిచేసి, ఉప్పునీళ్లలో కాల్షియం లవణాలు కలిపితే పండు బిగువు తగ్గదని తేల్చాడు. కాల్షియం పండులోని పెక్టిన్‌ను పట్టి గట్టిపరుస్తుంది.

వాక్కాయలో పెక్టిన్‌కు కొదవ లేదు. పైగా చెర్రీ కన్నా చవక. ఇంకేం, మన మిఠాయి పరిశ్రమకు సరుకు దొరికింది. తెలుపూ గులాబీ కలిసిన పచ్చికాయలే దీనికి పనికొస్తాయి. కోస్తుంటే పాలు కారి కత్తికీ వేళ్లకూ జిగురు పట్టేస్తుంది. గింజలు తీసి, ఉప్పునీళ్లలో నానబెట్టి, పులుపు పోయేదాకా కడిగి, ఎరిత్రోసిన్ రంగు పట్టించి, చక్కెర పాకాన్ని రోజుకింత చిక్కబరుస్తూ ఊరబెడతారు. చివరికి మిగిలేది తీపీ రంగే. పప్పులో, పులిహోరలో వాక్కాయ రుచి ఎరిగినవాళ్లకు ఇది అన్యాయమే అనిపిస్తుంది!

తర్వాత శాస్త్రవేత్తల చూపూ వాక్కాయ మీద పడింది. పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ రకాలనూ, కొంకణ్ విశ్వవిద్యాలయం కొంకణ్ బోల్డ్‌నూ తెచ్చాయి.

వాన తక్కువైన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతానికి ఇది నప్పే మొక్క. విత్తనం నిలవ ఉంటే మొలక తగ్గుతుంది. పండు నుంచి తీసిన వెంటనే నాటాలి. మంచి రకమైతే అంటు తొక్కాలి. మూడో ఏటి నుంచి కాపు మొదలవుతుంది. కొనేవాడు ఖాయం కాకుండా ఎకరాలకు ఎకరాలు వేయొద్దు. చేను చుట్టూ మీటరుకొకటి నాటండి: కాయ అమ్ముడుపోకపోయినా ముళ్లకంచె మిగులుతుంది.